పాలీహౌస్ పంటకు ఎన్ని నీళ్లు కావాలి?

కుప్పం, పలమనేరు వైపు పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు పైకప్పు కింద, కాప్సికం, కీరా దోస, టమాటా వేసినవారు చాలాచోట్ల రోజూ ఒకే సమయంపాటు డ్రిప్ వదులుతారు. మొక్క దాహం మాత్రం ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు.

వేళ్లు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఆకుల రంధ్రాల గుండా ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని నడిపేది ముఖ్యంగా ఎండ. ప్లాస్టిక్ పైకప్పు కొంత వెలుగును ఆపుతుంది, లోపల గాలి వేగం తక్కువ, తేమ ఎక్కువ. అందుకే బయటి పొలం కంటే లోపలి పంట తక్కువ తాగుతుంది. సాధారణంగా 60 నుంచి 80 శాతమే.

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఎండ కాసే రోజున కాపు మీదున్న పంట 4 మిల్లీమీటర్లు ఆవిరి చేస్తుందనుకుంటే, వెయ్యి చదరపు మీటర్లకు 4,000 లీటర్లు కావాలి. నాటిన కొత్తలో దాదాపు సగం చాలు. నవంబరు ముసురులో ఇంకా తగ్గించాలి, లేకపోతే వేళ్లకు గాలి ఆడదు. నీరు సమంగా అందకపోయినా కష్టమే. క్యాల్షియం నీటి వెంటే కాయకు చేరాలి. అది అందకే టమాటా అడుగున నల్లమచ్చ పడి కుళ్లుతుంది.

నాకు అన్నిటికంటే దిగులు పుట్టించేది ఉప్పు. బోరు నీటిలోని, ఎరువుల్లోని లవణాలను బయట వాన కడిగేస్తుంది. కప్పు కింద ఆ వాన పడదు, తడి అంచుల్లో లవణాలు పేరుకుంటాయి. అప్పుడప్పుడు 10–20 శాతం ఎక్కువ నీరు వదిలి వాటిని వేళ్ల కిందికి దించాలి.

అసలు విలువైన నీరు కప్పు మీదే పడుతోంది. చిత్తూరు ప్రాంతంలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద అది 9 లక్షల లీటర్లు! ఐదో వంతు వృథా అయినా, రోజుకు 4,000 చొప్పున ఆరు నెలలకు సరిపోతుంది. పైగా అందులో ఉప్పు దాదాపు ఉండదు. వెయ్యి అడుగులకు దిగిన బోర్లున్న ఈ పడమటి మండలాల్లో, పాలీహౌస్ కట్టేటప్పుడే కప్పు అంచున కాలువలు, ప్లాస్టిక్ షీటు పరిచిన కుంట కూడా ఖర్చులో చేర్చాలి. ఒకపక్క వాడుతుంటే మరోపక్క వానకు నిండుతుంది కాబట్టి, ఏడాది నీరంతా పట్టేంత పెద్ద కుంట అక్కర్లేదు.