మామిడి అమ్మకం: అపోహలు - వాస్తవాలు

నేను మామిడి ప్యాక్‌హౌస్‌లో, అంటే తోట నుంచి వచ్చిన కాయల్ని ఏరి పెట్టెల్లో సర్దే చోట, పని చేస్తాను. వచ్చే రైతులంతా ముందు అడిగేది ధర గురించే. తోటలో కోసిన వంద కిలోల్లో తినేవాళ్ల దాకా ఎన్ని చేరాయని అడిగేవాళ్లు చాలా తక్కువ. నా బాధంతా అక్కడే.

అపోహ: దళారి లేకపోతే రైతుకు ఎక్కువ మిగులుతుంది.

వాస్తవం: దళారి పోయినా ఆయన చేసే పని ఎక్కడికీ పోదు. గ్రేడింగ్ (కాయల్ని రకాలవారీగా ఏరడం), లోడింగ్, బండి, అమ్ముడుపోని సరుకు టెన్షన్, అన్నీ రైతు నెత్తినే పడతాయి. ఒక లెక్క వేద్దాం. తినేవాళ్లు కిలోకు 100 రూపాయలు పెడితే, దళారి ద్వారా అమ్మిన రైతుకు 50 వస్తుందనుకోండి. 100 కిలోలకు 5,000. అదే సరుకు సొంతంగా అమ్మితే, 25 కిలోలు మెత్తబడి పారేశాక చేతికొచ్చేది 7,500. క్రేట్లు, రవాణా, కూలీ, అమ్మే మనిషి కలిపి 3,000 అయితే మిగిలేది 4,500. రేటు రెట్టింపైనా డబ్బు తగ్గింది! పోయే సరుకును 10 కిలోలకు తగ్గించగలిగితే మాత్రం 6,000 మిగులుతుంది. అప్పుడు నేరుగా అమ్మడమే మేలు. అందుకే పారేసిన కాయల్ని కూడా తూకం వేసి రాసుకోమని అందరికీ చెబుతుంటాను.

అపోహ: కాయ పాడయ్యేది లారీలోనే.

వాస్తవం: చాలాసార్లు దెబ్బ చెట్టు కిందే తగులుతుంది. తొడిమ మొదలంటా విరిగితే సొన చిమ్ముతుంది. అది పడిన చోట తొక్క కాలినట్టు నల్లబడుతుంది. కొంచెం తొడిమ ఉంచి కోసి, తర్వాత దాన్ని తుంచి, కాయను తలకిందులుగా పెట్టి సొన కారనివ్వాలి. నేల మీద పడిన కాయ ఆ పూటకు బాగానే ఉంటుంది, గ్రేడింగ్‌లోనూ దొరకదు. పండాక కోసి చూస్తే దెబ్బ తగిలిన చోట కండ నీరుగారి, రంగు మారి ఉంటుంది. అప్పటికి అది కొన్నవాళ్ల ఇంట్లో ఉంటుంది. వాళ్లు మళ్లీ మన సరుకు కొనరు.

అపోహ: ఎంత చల్లగా ఉంచితే అంత మంచిది.

వాస్తవం: పచ్చి మామిడిని సుమారు 12 డిగ్రీల కంటే తక్కువలో రోజుల తరబడి ఉంచితే చలిదెబ్బ తగులుతుంది. తొక్క మీద బూడిదరంగు మచ్చలు, గుంటలు పడతాయి, సరిగా పండదు. అలాగని ఎండలో కుప్ప పోయకూడదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే కాయ శ్వాసక్రియ రెండు మూడు రెట్లవుతుంది, నిల్వ ఉండే రోజులు ఆ మేరకు తగ్గిపోతాయి. కోసిన వెంటనే నీడకు చేర్చండి. దీనికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

అపోహ: గుజ్జు ఫ్యాక్టరీకి పంపడమంటే నష్టానికి అమ్మడమే.

వాస్తవం: తొక్క మీద మచ్చ ఉన్నా లోపల కండ బాగుంటే గుజ్జుకు ఇబ్బంది లేదు. ఆ కాయల్ని మొదటి రకంలో కలిపితే లాటంతటికీ రేటు పడిపోతుంది. అయితే ఫ్యాక్టరీతో మాట కోతకు ముందే అయిపోవాలి. కాయ మెత్తబడ్డాక బేరానికి వెళితే వాళ్లు చెప్పిందే రేటు.