మొహం గీయించకండర్రా!

పిల్లలూ,

మీ ఇంట్లో నర్సరీకి వెళ్లే తమ్ముడో చెల్లో ఉంటే ఈ ఉత్తరం మీకే. గొప్పవాళ్ల గురించి చిన్నపిల్లలకి చెప్పాలంటే మనం చేసేది ఒకటే, ఫొటో ప్రింటు తీసి రంగులు వేయమని చేతికిచ్చేస్తాం. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. ఆకుపచ్చ గడ్డం, ఊదా ముక్కు వేసి తెచ్చిస్తారు, ఇది ఎవర్రా అంటే "తాతయ్య" అంటారు. గడ్డమున్న వాళ్లంతా వాళ్లకి తాతయ్యలే మరి!

అందుకే మొహాలు మానేశాను. ఆ మనిషి తన చేతులతో ఏం చేశాడో అదే చేయిస్తున్నాను.

లూయీ బ్రెయిల్‌ని తీసుకోండి. 1809లో ఫ్రాన్స్‌లో పుట్టాడు, వాళ్ల నాన్న గుర్రాలకి జీనులు కుట్టేవాడు. మూడేళ్లప్పుడు, అంటే దాదాపు మీ చెల్లి వయసులోనే, ఆ తోలు కుట్టే పనిముట్టుతో ఆడుకుంటుంటే కంటికి దెబ్బ తగిలింది, కొన్నాళ్లకి రెండో కన్ను కూడా పోయింది. (చిన్నవాళ్లకి "కళ్లు కనపడకుండా పోయాయి" అని చెప్పి ఆపేయండి, మిగతాది చెబితే రాత్రి నిద్రపోరు.) పదిహేనేళ్లు వచ్చేసరికి, 1824లో, వేళ్లతో తడిమి చదువుకునేలా ఆరు చుక్కల అక్షరాలు తయారు చేశాడు.

ఇప్పుడు మందపాటి కాగితం కింద గుడ్డ మడతపెట్టి, మొన అరిగిన పెన్సిల్‌తో చుక్కలు నొక్కించండి. కాగితం తిప్పితే చుక్కలు పైకి లేచి ఉంటాయి. ఇలా వెనకనుంచి నొక్కాలి కాబట్టే చేత్తో ఈ బ్రెయిల్ లిపి రాసేవాళ్లు కుడినుంచి ఎడమకి రాస్తారు, ఈ సంగతి మీకు, వాళ్లకి కాదు. వాళ్లని కళ్లు మూసుకుని తడమమనండి చాలు. ఒక పిల్ల అలా తడిమి "చీమలు నిలబడ్డాయి" అంది, అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఆన్రీ మటీస్ అనే చిత్రకారుడు కూడా ఉన్నాడు, 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు నిలబడలేక, రంగు కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశాడు. కత్తెర మాత్రం మీ చేతిలోనే ఉండాలి, వాళ్లు చింపి అతికిస్తే చాలు.

నాకు బాగా ఇష్టమైంది వంగారి మాథాయ్ బొమ్మ. కెన్యాలో 1977లో ఆవిడ మొదలుపెట్టిన ఉద్యమం కోట్ల మొక్కలు నాటింది, 2004లో నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. పిల్లలకి బహుమతి అంటే ఏం తెలుస్తుంది, బొటనవేలు పచ్చరంగులో ముంచి అద్దమనండి, ఒక్కో ముద్ర ఒక్కో మొక్క. ఒక్కరు అద్దితే పెరడంతే అవుతుంది, నలుగురి కాగితాలు పక్కపక్కన అతికిస్తే అడవైపోతుంది. తడిగుడ్డ దగ్గర పెట్టుకోండి, లేకపోతే గోడమీద కూడా మొక్కలు మొలుస్తాయి.

మీ తాతయ్య