మూడు ముక్కుల చిలుక: కొవ్వొత్తి ఫొటో మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో మేం కొందరం కలిసి నెలకో ఫొటో చాలెంజ్ పెట్టుకుంటాం. నేను పెళ్లిళ్ల ఫొటోలు తీసి బతికేవాణ్ని, మిగతావాళ్లంతా సరదాకి కెమెరా పట్టినవాళ్లు. ఈసారి అంశం 'కొవ్వొత్తి వెలుగులో నవ్వు తెప్పించే ఫొటో'. ఆ సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి.

"అన్నా, వెలుతురు సాలుతలేదు. ఎన్ని కొవ్వొత్తులు పెట్టాలె?"

అపోహ: వెలుతురు చాలకపోతే కొవ్వొత్తులు పెంచాలి.

ముందు ఉన్నదాన్ని దగ్గరికి జరపండి. దూరం సగమైతే వెలుతురు నాలుగింతలవుతుంది. రెండడుగుల దూరంలో నాలుగు కొవ్వొత్తులు ముఖం మీద వేసే వెలుగును, అడుగు దూరంలో ఒక్కటే వేస్తుంది. ఇంత తెలిసి కూడా నేనే తప్పు చేశాను. నా ఆలోచన ఇది: నిర్మల్ కొయ్యబొమ్మ చిలుక నీడ గోడ మీద పెద్దగా పడాలి, ఆ నీడ ముక్కు మా మేనకోడలి జడ పట్టి లాగుతున్నట్టు ఉండాలి. వెలుతురు కోసమని మూడు కొవ్వొత్తులు వరసగా వెలిగించాను. ఒక్కో మంటకు ఒక్కో నీడ పడింది. చిలుకకు మూడు ముక్కులు, పిల్లకు మూడు జడలు! రెండు ఆర్పేశాక గానీ చిలుక చిలుకలా కనిపించలేదు. మంట ఒక్కటే ఉంటే నీడ కూడా ఒక్కటే పడుతుంది.

నీడ సైజు కూడా దూరాల లెక్కే. మంట నుంచి బొమ్మ అరడుగు, గోడ ఐదడుగులు ఉంటే నీడ పదింతలు. నాలుగంగుళాల చిలుక నలభై అంగుళాలైంది, చూడ్డానికి భలే ఉంది. కానీ అంత దూరంలో గోడ మీద వెలుతురు మిగల్లేదు. వెలుతురు ఎక్కువ లోపలికి రానిచ్చే ఎఫ్ 1.8 లెన్సు వేసి, ఐఎస్ఓ (మసక వెలుతురును పట్టే శక్తి) 3200 పెట్టినా షట్టర్ అర సెకను తెరిచి ఉంచాల్సి వచ్చింది. ఆ అర సెకనులో పిల్ల కిసుక్కున నవ్వింది, ముఖం అలుక్కుపోయింది. కొవ్వొత్తినీ బొమ్మనూ ముందుకు జరిపి గోడకు రెండడుగుల్లో పెడితే వెలుతురు ఆరింతలు పెరిగింది, షట్టర్ 1/13 సెకనుకి వచ్చింది. నీడ నాలుగింతలే అయినా జడ లాగడానికి అది చాలు.

కెమెరా ట్రైపాడ్ మీద ఉంది సరే, పిల్లను కదలకుండా ఆపేదెట్లా?

"మామా, నవ్వు ఆగుతలేదు!"

"స్టాచ్యూ!" అన్నాను. బడిలో ఆడే ఆట కదా, కళ్లు పెద్దవి చేసి బిగుసుకుపోయింది. నాకు కావాల్సిన భయం ముఖం కూడా అదే.

అపోహ: పసుపు రంగు తప్పు, సరిచేయాలి.

వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు. కొవ్వొత్తి మంట రంగు ఉష్ణోగ్రత 1900 కెల్విన్ దగ్గర ఉంటుంది, పగటి వెలుతురు 5500. ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తాను రంగు సరిచేసే సెట్టింగ్) మీద వదిలేస్తే కెమెరా ఆ పసుపును తగ్గించాలని చూస్తుంది, కొవ్వొత్తి పెట్టిన పని దండగ. నేను 3000 దగ్గర పెడతాను. రా ఫైల్‌లో (కెమెరా రంగులు ఖాయం చేయకుండా దాచే ఫైలు) తీస్తే తర్వాతైనా మార్చుకోవచ్చు.

అపోహ: కొంచెం ఫ్లాష్ కలిపితే మంచిది.

వద్దు. కెమెరా మీది ఫ్లాష్ నీడలన్నిటినీ మింగేస్తుంది. చెంప ఒక పక్క మరీ నల్లబడితే ఇత్తడి పళ్లెం అడ్డం పెట్టి మంట వెలుగును అటు తిప్పండి. మా ఇంట్లో పెంబర్తి పళ్లెం ఒకటి ఉంది, అమ్మ దాన్ని పూజకు తప్ప ఇవ్వదు. అడిగి తెచ్చుకున్నాను. స్టీలు పళ్లెంతోనూ పని జరుగుతుంది, ఇత్తడిదైతే వెచ్చదనం కాస్త పెరుగుతుంది. ఆ వెలుగు గోడ మీద పడితే మాత్రం నీడ పలచబడుతుంది, చూసుకోండి.

అపోహ: ఫోన్‌తో రాదు.

వస్తుంది. చాలా ఫోన్లలో నైట్ మోడ్ కొన్ని ఫ్రేములు కలిపి గదిని ట్యూబ్‌లైటు వేసినట్టు చేస్తుంది, దాన్ని ఆపండి. తెర మీద ముఖం ఉన్నచోట వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కొద్దిగా కిందికి లాగండి. మంట ఫ్రేములో ఉంటే అది తెల్లగా మాడిపోతుంది, మాడనివ్వండి. మనకు కావాల్సింది ముఖం.

అపోహ: కొవ్వొత్తి ఊదేటప్పుడే బటన్ నొక్కాలి.

ఊదాక మిగిలేది చీకటే. బుగ్గలు పూరీల్లా ఉబ్బిన క్షణం దొరకాలి, ఊదడానికి ముందు. పొగతో ఆట కావాలంటే ఇంకోటుంది: ఆర్పిన వెంటనే లేచే తెల్లటి పొగలో మైనం ఆవిరి ఉంటుంది. వత్తికి ఒకటి రెండు అంగుళాల పైన ఆ పొగకు అగ్గిపుల్ల తగిలిస్తే మంట పొగ వెంట దిగి వత్తి అంటుకుంటుంది. ఫ్యాను ఆపి ఉండాలి. అది రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి బర్స్ట్ (వరసగా ఫొటోలు తీసే మోడ్) పెట్టండి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. చున్నీలు, విప్పిన జుట్టు దూరంగా, బకెట్ నీళ్లు దగ్గరగా.

మా చిలుక ఫొటో ఇంకా పంపలేదు. నీడలో ముక్కు మొద్దుగా పడుతోంది. బొమ్మను ఇంకాస్త పక్కకు తిప్పాలి. మేనకోడలు మాత్రం ఇంకోసారి స్టాచ్యూ కావాలంటే ఐస్‌క్రీమ్ ఇప్పించమంటోంది.