పత్తి పండని ద్వీపంలో టీషర్టు

పిల్లలూ,

టీషర్టు మెడ పట్టీ మీద మారిషస్ ద్వీపం పేరు చదివి "తాతయ్యా, అక్కడ పండేది చెరుకు కదా, పత్తి ఎక్కడిది?" అని అడిగారు. పత్తి అక్కడ పండదు. దూదైనా, నూలైనా ఓడలో వస్తుంది.

పొలం లేని ఇంట్లో జంతికలు చేసి అమ్మేవాళ్లను చూశారుగా! పిండి కొంటారు. వత్తడం, వేయించడం ఇంట్లో, అమ్మకం వీధంతటికీ. నలుగురే తినేట్టయితే అంత మూకుడెందుకు? మారిషస్ జనాభా సుమారు 12.5 లక్షలు. వాళ్లకే అమ్మాలంటే పెద్ద యంత్రం చాలా రోజులు ఖాళీగా ఉంటుంది. అందుకే 1970లో ఒక చట్టం చేశారు: ఎగుమతికి సరుకు చేసేవాళ్లు నూలు, యంత్రాలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఫ్యాక్టరీ ద్వీపంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

హాంకాంగ్ వ్యాపారులు వచ్చారు. వాళ్ల ఊరి బట్టలు ఇంతకు మించి రాకూడదని అమెరికా, యూరప్ కోటా పెట్టాయి మరి. అయితే యూరప్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం సుంకం మాఫీ కావాలంటే అప్పట్లో పిండి కొనుక్కోవచ్చు గానీ, వత్తిన జంతికలు ఎక్కడినుంచో తెచ్చి వేయించి ఇస్తే చెల్లేది కాదు. అంటే నూలు గుడ్డ కావడం, గుడ్డ చొక్కా కావడం రెండూ ఆ ఒప్పందంలోని దేశాల్లోనే జరగాల్సి ఉండేది. నేతకు పడుగు, గంజి, మగ్గాలు, ఇదంతా పెద్ద ఖర్చు. అల్లిక యంత్రానికి నూలు కండెలు తగిలిస్తే చాలు. స్వెటర్లూ టీషర్టులూ అక్కడ ఎందుకు పెరిగాయో తెలిసిందిగా.

టన్ను నూలు నుంచి, కత్తిరింపు తరుగు పోను, 200 గ్రాముల టీషర్టులు సుమారు 4,000 వస్తాయి. చిక్కు అద్దకంలో ఉంది: దానికి నీళ్లు చాలా కావాలి, ద్వీపంలో వానలు తగ్గే నెలల్లో నీళ్లకు కటకట. 2005లో కోటాలు ఎత్తేశాక చాలామంది పెట్టె సర్దేశారు. కోటాల మీదే నిలబడ్డ లాభం కోటాలతోనే పోతుంది. ఇప్పుడు అక్కడ డబ్బు పెట్టేవాళ్లు బరువు తక్కువ, ధర ఎక్కువ సరుకులు చూస్తున్నారు: నగలు, వైద్య పరికరాలు.

చెరుకునూ వదల్లేదు. క్వింటాలుకు పది కిలోల పంచదార, ముప్ఫై కిలోల పిప్పి. ఆ పిప్పి మండించి కరెంటు తీస్తారు. కోత జూన్ నుంచి డిసెంబరు దాకానే, మిగతా నెలలకు బొగ్గు కావాలి. పూర్వం కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కి ఆ తోటల్లో పనికి వెళ్లిన మనవాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచారు.

ఇప్పుడు భూతద్దం తీసుకోండి. టీషర్టు అంచు చూస్తే గొలుసుల్లా ఉచ్చులు, స్కూలు చొక్కా చూస్తే చాపలా అడ్డపోగులు, నిలువుపోగులు కనిపిస్తాయి. రెండూ లాగి చూడండి, ఏది సాగుతుందో రాయండి.

మీ తాతయ్య