కాకతీయుల గురించి మనం చెప్పుకునేది, రాయి చెప్పేది: అపోహలు – వాస్తవాలు

వరంగల్, హనుమకొండ, ములుగు దిక్కు పాత రాయి ఏది కనిపించినా ‘కాకతీయుల నాటిది’ అనేస్తాం. పాత చెరువైతే గణపతిదేవుడు తవ్వించాడు, పాత గోడైతే రుద్రమ కట్టించింది, పాడుబడ్డ గుడైతే మాలిక్ కాఫూర్ కూలగొట్టాడు. అంతటితో చరిత్ర అయిపోతుంది. శాసనాలు చదివే పనిలో ఉన్నవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: ఆ మాట ఏ రాయి మీద ఉంది? అలా అడిగితే కొన్ని కథలు నిలబడతాయి, కొన్ని నిలబడవు. ఇంకొన్నింటి వెనక కథను మించిన సంగతి బయటపడుతుంది.

అపోహ: రుద్రమదేవి గణపతిదేవుడి భార్య. లేదా, ఆమె ఆడపిల్లన్న సంగతి చాలాకాలం దాచిపెట్టారు.

మొదటి మాటకు మూలం మార్కో పోలో. 13వ శతాబ్దం చివర్లో తూర్పు తీరం మీదుగా పోతూ మోటుపల్లి రాజ్యం గురించి రాసుకున్నాడు (రేవు పేరుతో కాకతీయ రాజ్యాన్నే అలా పిలిచాడు). భర్త పోయాక రాణి నలభై ఏళ్లుగా పాలిస్తోందని ఆయనకు ఎవరో చెప్పారు. బంధుత్వమూ తప్పే, లెక్కా తప్పే. గణపతిదేవుడి పాలన 1199 నుంచి సుమారు 1262 దాకా, రుద్రమ పాలన అక్కడి నుంచి 1289 దాకా. ఎటు లెక్కేసినా ముప్పై ఏళ్లు కూడా రావు.

రెండో మాట సినిమాకు బాగుంటుంది. గుంటూరు జిల్లా మల్కాపురంలో శక సంవత్సరం 1183, అంటే 1261 నాటి శాసనం ఉంది. విశ్వేశ్వర శివాచార్యులకు గణపతిదేవుడు ఇస్తానన్న మందడం గ్రామాన్ని ఆయన కూతురు రుద్రదేవి వెలగపూడితో కలిపి ఇచ్చిందని అందులో ఉంది. ఆ ఊళ్ల ఆదాయంలో ఒక భాగం ప్రసూతిశాలకు, ఒక భాగం ఆరోగ్యశాలకు, ఒక భాగం సత్రానికి కేటాయించారు. తండ్రి కాలం ముగియక ముందే ‘కూతురు’ అని రాతి మీద చెక్కించారంటే, ఇంక దాచిందేముంది? కొన్ని శాసనాల్లో ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అన్న మాట నిజం. అది సింహాసనానికి తగిన పేరు. దాన్నిబట్టి మారువేషం అల్లితే ఎట్లా?

ఇక ఆమె మరణం. ‘1289 నవంబర్ 27న అంబదేవుడితో యుద్ధంలో చనిపోయింది’ అని ఫ్లెక్సీల మీద కూడా వేస్తున్నారు. ఆ తేదీ నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనంలోది. శివలోకం పొందిన రుద్రమదేవికి, మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి చేసిన దానం అది. అంటే రాయి మీద ఉన్నది దానం చేసిన రోజు. మరణం అంతకు ముందే జరిగింది. యుద్ధం మాట గానీ, అంబదేవుడి పేరు గానీ ఆ రాతి మీద లేవు. రాణి, సేనాని ఒకేసారి పోయారు కాబట్టి, ఆ రోజుల్లో కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడు తిరుగుబాటులో ఉన్నాడు కాబట్టి చరిత్రకారులు అట్లా ఊహించారు. ఊహ బలమైనదే. అయినా దాన్ని ఊహగానే చెప్పాలి.

అపోహ: శక సంవత్సరానికి 78 కలిపితే తేదీ వచ్చేస్తుంది.

తొమ్మిది నెలలకు సరిపోతుంది, చివరి మూడు నెలల్లో బోల్తా కొడుతుంది. వేయి స్తంభాల గుడి శాసనమే ఇందుకు సాక్ష్యం. శక 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం అని అందులో ఉంది. 78 కలిపితే 1162. కానీ మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లిష్ సంవత్సరం మారిపోయి ఉంటుంది కాబట్టి 79 కలపాలి. అసలు తేదీ 1163 జనవరి 19. చందుపట్ల దానం మార్గశిరంలో జరిగింది కాబట్టి 1211కు 78 కలిపితే చాలు. పుష్యం మాత్రం డిసెంబర్‌కూ జనవరికీ మధ్య ఊగుతుంది, దాన్ని పంచాంగంతో సరిచూడక తప్పదు.

అంకె సగం చెరిగిపోయిన రాళ్లకు ఇంకో దారి ఉంది. శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషమే ప్రభవ నుంచి వరుస సంఖ్య (శేషం సున్నా అయితే అక్షయ). 1084కు 12 కలిపితే 1096, శేషం 16, అంటే చిత్రభాను. రామప్ప శాసనంలోని శక 1135కు శేషం 7, శ్రీముఖ. రాతి మీది పేరు, లెక్కలో వచ్చిన పేరు ఒకటి కాకపోతే అంకెను తప్పు చదివామన్నమాట. ఒక్కోసారి ఏడాది తేడా వస్తే, అది గడిచిన సంవత్సరమా, నడుస్తున్న సంవత్సరమా అన్న పేచీ కావచ్చు. అప్పుడు వారం చూడాలి. తిథి, వారం రెండూ కలిసే సంవత్సరమే అసలుది. అన్నట్టు వడ్డవారం అంటే శనివారం. 1163 జనవరి 19 శనివారమే.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. ఆనాటి లిపిలో ఎ–ఏ, ఒ–ఓ తేడా లేదు. ఊరి పేరును ఇవాళ్టి ఉచ్చారణతో చదివేసి ‘మా ఊరే’ అని పట్టుబట్టే ముందు, శాసనంలోని సరిహద్దు ఊళ్లు కూడా కలుస్తున్నాయా చూడాలి.

అపోహ: రామప్ప గుడి మొత్తం నీళ్లలో తేలే ఇటుకలతో కట్టారు. రామప్ప అనే శిల్పి దాన్ని చెక్కాడని శాసనంలో ఉంది.

తేలే ఇటుకలు ఉన్నది విమానంలో, అంటే గర్భగుడి పైభాగంలో మాత్రమే. గోడలు ఇసుకరాయి, నల్లగా నిగనిగలాడే మదనికలు, నాగినులు డోలరైట్. ఇటుక తేలాలంటే ఘన సెంటీమీటరు ఒక గ్రాము కంటే తక్కువ తూగాలి. మామూలు ఇటుక ఒకటిన్నర గ్రాముకు పైనే ఉంటుంది. మట్టిలో కలిపిన పొట్టులాంటి పదార్థం బట్టీలో కాలిపోతే ఆ చోట గాలి గదులు మిగులుతాయి, ఇటుక తేలికవుతుంది. ఇందులో మాయ లేదు, అవసరం ఉంది. పునాది గుంతను ఇసుకతో నింపి, సున్నం, బెల్లం, కరక్కాయలతో గట్టిపరిచి దాని మీద గుడి నిలబెట్టారు. పైన బరువు తగ్గితే ఇసుక మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇసుక కదలకుండా, తగినంత తేమతో ఉన్నంతకాలం అది పరుపులా పనిచేస్తుంది. ఇసుక ఎటైనా జారితే రాళ్లు కుంగుతాయి. గుడిలో నేల బండలు ఎగుడుదిగుడుగా ఉన్నది అందుకే. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయి విప్పి, మళ్లీ పేర్చి 2024లో తెరిచారు. అక్కడి పునాది కూడా ఇసుకదే.

శాసనం సంగతికొస్తే, 1213 మార్చి 31 ఆదివారం నాటి ఆ రాతి మీద గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు ఉంది, దేవుడి పేరు రుద్రేశ్వరుడు అని ఉంది. శిల్పి పేరు లేదు. రామప్ప శిల్పి కథ జనం నోట బతికింది, బతకనీయండి. ‘శాసనంలో ఉంది’ అని మాత్రం చెప్పకండి.

అపోహ: గుడి నుంచి కోటకు సొరంగం ఉంది.

ఏ గుడికి పోయినా ఇదే మాట. ఒక్క శాసనంలోనూ లేదు.

అపోహ: తెలంగాణ చెరువులన్నీ కాకతీయ రాజులు తవ్వించినవే.

మిషన్ కాకతీయ లెక్కలో రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు ఉన్నాయి. ఆ పథకం పేరు వల్ల అన్నీ కాకతీయులవే అన్న భావన ఇంకా గట్టిపడింది. కాకతీయులకు ముందు చాళుక్యుల కాలంలో కట్టినవి ఉన్నాయి, తర్వాత రేచర్ల పద్మనాయకులు, కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీలు కట్టినవి, బాగుచేసినవి ఉన్నాయి. కాకతీయుల కాలానివి కూడా అన్నీ రాజు ఖజానా నుంచి కట్టినవి కావు. రామప్ప చెరువు సేనాని రేచర్ల రుద్రుడిది. బయ్యారం చెరువు గణపతిదేవుడి చెల్లెలు మైలమ తవ్వించింది, దాని పేరు ధర్మకీర్తి సముద్రం. ఆ చెరువు శాసనమే కాకతీయుల వంశావళి చెప్పి, మూలపురుషుడు వెన్నడు కాకతి అనే చోటి నుంచి పాలించాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని కూడా తేల్చింది.

మరి సొంత డబ్బు పెట్టి చెరువు ఎందుకు కడతారు? పుణ్యం ఒక్కటే కాదు, దశబంధం ఉంది. చెరువు కట్టినవాళ్లకు, బాగుచేసినవాళ్లకు దాని కింది ఫలంలో పదో వంతు దక్కే ఏర్పాటు అది. కట్ట తెగితే తన పదో వంతు కూడా పోతుంది కాబట్టి ఏటా కట్ట చూసుకునే మనిషి తప్పనిసరిగా ఉండేవాడు. కాకతీయుల చెరువుల ఆయుష్షు రహస్యం మన్ను, రాయిలో సగమే, మిగతా సగం ఈ లెక్కలో ఉంది.

కట్టే పద్ధతిలో చూడాల్సింది చోటు ఎంపిక. పాకాల, లక్నవరం లాంటి చోట్ల రెండు గుట్టల మధ్య సందు చూసి అక్కడే కట్ట వేశారు. కట్ట పొట్టిది, నీళ్లు విస్తారం. తూము పొలానికి నీళ్లిస్తుంది, మత్తడి ఎక్కువైన నీటిని కింది చెరువుకు పంపుతుంది. చెరువు చెడగొట్టే పనుల్లో మొదటిది మత్తడి ఎత్తు పెంచడం. ‘ఇంకో రెండు అడుగులు నీళ్లు నిలుస్తాయి’ అని సిమెంటు వేస్తారు. పెద్దవాన పడిన రోజు మత్తడి దుంకాల్సిన నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయి, మట్టికట్ట గంటల్లో కోసుకుపోతుంది. గొలుసుకట్టులో పై చెరువు తెగితే ఆ వరద కింది చెరువు కట్టను కూడా లాక్కుపోతుంది. రెండోది శిఖం, అంటే చెరువులో నీళ్లు నిలిచే భూమి, ఆక్రమణ. మూడోది కట్ట మీద చెట్లు పెరగనివ్వడం. చెట్టు ఎండిపోయాక దాని వేరు దారే నీటికి దారి అవుతుంది.

అపోహ: ఓరుగల్లు కోటకు ఏడు ప్రాకారాలు. కీర్తితోరణాలు కోట గుమ్మాలు. ఖుష్ మహల్ కాకతీయుల రాజభవనం.

ఏడు అన్నది తర్వాతి కథల మాట. నేల మీద ఆనవాళ్లున్నవి మూడు: లోపల సున్నం లేకుండా పేర్చిన రాతికోట, దానికి 45 బురుజులు, దాని చుట్టూ మట్టికోట, ఇంకా బయట, హనుమకొండను కూడా కలుపుకుంటూ పోయే మట్టికట్ట. మట్టి అని చిన్నచూపు వద్దు. 1310లో ఢిల్లీ సేన చేసిన ముట్టడి గురించి రాసిన కవి అమీర్ ఖుస్రో, ఉక్కు బల్లెం కూడా ఆ మట్టిగోడలో దిగేది కాదని, గుండు తగిలితే ఎగిరి వెనక్కి వచ్చేదని రాశాడు. రాయి పగులుతుంది, దిమ్మిస కొట్టిన మట్టి దెబ్బను మింగేస్తుంది.

నాలుగు తోరణాలూ కూలిపోయిన స్వయంభూ శివాలయం ఆవరణకు నాలుగు దిక్కుల ద్వారాలు. మధ్యలో నిలబడి చూస్తే ఇట్టే అర్థమవుతుంది. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. ఖుష్ మహల్ సుమారు 38 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు హాలు. లోపలికి వాలిన గోడలు, కమానులు తుగ్లక్ పద్ధతి. అంటే 1323లో ఓరుగల్లు పడిన తర్వాతి కట్టడం.

ప్రతాపరుద్రుడు కోటలో పోరాడుతూ చనిపోయాడనడం కూడా తప్పే. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున చనిపోయాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. తన ఇష్టంతోనే ప్రాణం వదిలాడని 1423 నాటి కలువచేరు శాసనం అంటుంది.

కోహినూర్ భద్రకాళి అమ్మవారి కన్ను అన్న మాటకు కాకతీయుల కాలం ఆధారం ఒక్కటీ లేదు. ఓరుగల్లు నుంచి వజ్రాలు పోయిన మాట నిజం, అందులో కోహినూర్ ఏదో గుర్తుపట్టే దారి లేదు.

మేడారం విషయంలో జాగ్రత్త. సమ్మక్క–సారలమ్మల పోరు గురించి శాసనం లేదు కాబట్టి అది జరగలేదని కొందరు తీర్పు చెబుతారు. శాసనం చెక్కించేది దానం ఇచ్చినవాడు, గెలిచినవాడు. కప్పం కట్టలేక ఎదురు తిరిగిన కోయవాళ్ల మాట రాతి మీద దొరకకపోవడంలో వింత లేదు. అక్కడ కోయ పూజారుల నోటి కథే ఆధారం, దాన్ని దాని పద్ధతిలోనే వినాలి.

అపోహ: శాసనం రాయి కింద గుప్తనిధి ఉంటుంది.

అన్నిటికంటే నష్టం చేస్తున్నది ఇదే. రాతి పైన సూర్యచంద్రుల బొమ్మ చూసి ‘గుర్తు’ అనుకుని తవ్వుతారు, నంది పొట్ట పగలగొడతారు, వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) పెకిలిస్తారు. సూర్యచంద్రులుంటే ‘ఆచంద్రార్కం’, అంటే సూర్యుడు, చంద్రుడు ఉన్నంతకాలం ఈ దానం చెల్లుతుందని అర్థం. కింద గాడిద బొమ్మ ఉంటే అది దానం చెరిపినవాడికి తిట్టు. చదవడం రానివాడికి కూడా తెలియాలని బొమ్మ వేశారు. చాలా శాసనాల చివర ‘స్వదత్తాం పరదత్తాం వా’ అని ఒక శ్లోకం ఉంటుంది. దానమిచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని దాని భావం. ఆ రాయిని నిధి కోసం పగలగొట్టేవాడు అది ఒక్కసారి చదివితే బాగుండు. నిజంగానే ఏమైనా బయటపడితే, 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినదేదైనా కలెక్టరుకు తెలపాలి.

అపోహ: సుద్ద, పసుపు, నూనె రాస్తే అక్షరాలు బాగా కనిపిస్తాయి. దానివల్ల నష్టమేం లేదు.

సుద్దతో దిద్దేవాడు రాతి మీద ఉన్నది దిద్దడు, తనకు కనిపించింది దిద్దుతాడు. పగులును కొమ్ము అనుకుంటాడు, గుంటను సున్న అనుకుంటాడు. ఆ ఫొటో పదిమంది చేతులు మారాక ఆ తప్పే పాఠం అవుతుంది. నూనె రాతి రంధ్రాల్లో దిగి దుమ్ము పట్టి నల్లటి పొర కడుతుంది. ఎనామిల్ పెయింట్ ఇంకా అన్యాయం. ఇనుప బ్రష్, ఆసిడ్ రాతి పైపొరనే తీసేస్తాయి.

సరైన అచ్చు తీసే పద్ధతి వేరు. మెత్తని బ్రష్‌తో, నీళ్లతో నాచు కడగాలి. తడిపిన మందపాటి చేతికాగితాన్ని రాతికి అంటించి, గట్టి కుచ్చు బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు కొట్టాలి. కాగితం అక్షరాల గాళ్లలోకి దిగాలి. చిరిగిన చోట తడి ముక్క అతికించాలి. సగం ఆరాక గుడ్డ ముద్దతో నల్ల సిరా అద్దాలి. ముందే అద్దితే సిరా గాళ్లలోకి పాకి అక్షరం మూసుకుపోతుంది, పూర్తిగా ఆరాక అద్దితే కాగితం ఊడి జరుగుతుంది. సరిగ్గా వస్తే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు. రక్షిత కట్టడాల్లో అయితే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

అచ్చు తీయడం రానివాళ్లకు ఫోన్ చాలు. చీకటి పడ్డాక టార్చిని రాతికి పక్క నుంచి, దాదాపు ఆనించినంత వాలుగా పట్టి నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు తీయండి. కెమెరా రాతికి ఎదురుగా నిటారుగా ఉండాలి, కొలత కోసం పక్కన స్కేలు పెట్టండి. ఒక్కో వరుసకు విడిగా దగ్గరి ఫొటో, రాయి మొత్తానికి ఒకటి, చుట్టూ ఉన్న చోటు కనిపించేలా ఇంకొకటి. రాతి వెనక వైపు, పక్కలు మరిచిపోవద్దు, శాసనం తరచుగా అటు కూడా సాగుతుంది. భూమిలో దిగిన భాగాన్ని మాత్రం తవ్వకండి, రాయిని ఊళ్లో గుడి దగ్గరికి మార్చకండి. ‘ఈ రాయికి తూర్పున’ అని సరిహద్దు చెప్పే శాసనాన్ని ఉన్న చోటి నుంచి కదిలిస్తే, ఆ తూర్పు ఎక్కడో మళ్లీ ఎవరూ చెప్పలేరు.