లాగిన్ కాగానే కనిపించే ఆ మెయిల్ లైను: అపోహలు - వాస్తవాలు

నిన్న పర్లాకిమిడి నుంచి మళ్లీ అదే ఫోన్. "సార్, సర్వర్‌లోకి వెళ్తే యూ హావ్ న్యూ మెయిల్ అంటోంది, ఎవరో హ్యాక్ చేసినట్టున్నారు." హ్యాకర్ ఉత్తరం రాసి మరీ వస్తాడా బాబూ! అది సర్వర్‌లోని ప్రోగ్రాములు ఆ సర్వర్ మీదే ఉన్న మెయిల్ పెట్టెలో వేసే ఉత్తరాల సంగతి. బరంపురం, గుణుపురం వైపు చిన్న ఆఫీసుల లినక్స్ సర్వర్లు చూస్తుంటాను, ఈ ప్రశ్న తప్పడం లేదు. భయపడేవాళ్లను తప్పుపట్టను. "వైరస్ అది" అని వాట్సాప్‌లో తేల్చేసేవాళ్లతోనే నా తగువు.

అసలు నష్టం చేసే అపోహ ఒక్కటే: ఆ లైను ఆపేస్తే గొడవ వదిలిపోతుందని. హోమ్ ఫోల్డర్‌లో డాట్ హష్‌లాగిన్ అనే ఖాళీ ఫైలు పెడితే లాగిన్ నోరు మూసుకుంటుంది, నిజమే. మెయిల్ మాత్రం వస్తూనే ఉంటుంది.

ఒక రైస్ మిల్లులో బిల్లింగ్ సర్వర్‌కి రెండు డిస్కుల రెయిడ్, అంటే ఒకే డేటా రెండింటిలోనూ ఉంటుంది. నాకు ముందు చూసినాయన ఆ ఫైలు పెట్టి వెళ్లాడు. నేను వేరే పని మీద వెళ్లి రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారాలున్న యూజర్) మెయిల్ తెరిస్తే తెర నిండా ఒకటే సబ్జెక్టు, డిగ్రేడెడ్ అర్రే, అంటే రెయిడ్‌లో ఒక డిస్కు పోయిందని. లోపల, పనిచేసే డిస్కుకో U అక్షరం చొప్పున రెండు యూలు ఉండాల్సిన చోట ఒక యూ, దాని పక్కన గీత. అంటే నెలల తరబడి మిల్లు లెక్కలన్నీ ఒంటి డిస్కు మీద నడిచాయి. కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్ (డేటా దాని మీదకు మళ్లీ ఎక్కడం) పూర్తయ్యేదాకా మాకు టీ తప్ప ఏమీ దిగలేదు.

ఇంకో తిరకాసు ఏమిటంటే, లాగిన్‌లో పామ్ (PAM, లాగిన్ తనిఖీలు చేసే భాగం) చూసేది మీ యూజర్ పెట్టెనే. హెచ్చరికలు వెళ్లేది రూట్‌కి. అందుకే ఏలియాసెస్ ఫైల్లో (ఒకరి మెయిల్ ఎవరికి పంపాలో చెప్పేది) రూట్ ఎదురుగా మీరు రోజూ వాడే యూజర్ పేరు రాసి, ఆ మార్పు అమల్లోకి రావడానికి న్యూఏలియాసెస్ అనే కమాండ్ కొట్టండి. క్రాన్ (వేళకి పనులు నడిపే ప్రోగ్రాము) మెయిల్స్ విసుగనిపిస్తే మెయిల్‌టూ (మెయిల్ ఎవరికో చెప్పే సెట్టింగు) ఖాళీ చేయకండి, స్క్రిప్టు మామూలు కబుర్లను డెవ్ నల్ అనే చెత్తబుట్టలోకి తోసేసి ఎర్రర్లను మాత్రం మెయిల్‌లో రానివ్వండి.

మిగతావి గబగబా. జీమెయిల్‌కి దీనికి సంబంధం లేదు. "న్యూ" లేకుండా ఉత్త "మెయిల్" అని వస్తే ఎవరో చదివారని కాదు, మెయిల్ ఫైలు చివరిసారి మారిన సమయం కంటే తెరిచిన సమయం తర్వాతిదైతే పాతదనుకుంటుంది, రాత్రి బ్యాకప్ ఆ ఫైలు చదివినా అంతే. డిస్కును నో-ఏటైమ్‌తో (తెరిచిన సమయం రాసుకోవద్దనే ఆప్షన్) మౌంట్ చేశారా, చదివేసినవి కూడా కొత్తవిగానే కనిపించొచ్చు. పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ చేర్చే ప్రోగ్రాము) మెయిల్‌డిర్‌లో (ఉత్తరానికో ఫైలు చొప్పున ఉంచే ఫోల్డర్) వేస్తూ పామ్ పాత చోటే వెతుకుతుంటే ఎప్పటికీ ఏమీ చెప్పదు, పామ్‌లో డిర్ ఆప్షన్ మార్చాలి. బ్యాష్ (మీరు కమాండ్లు కొట్టే షెల్) లాగిన్ తర్వాత కూడా మెయిల్ కోసం చూస్తుంది, మామూలుగా 60 సెకన్లకోసారి, అదీ తర్వాతి కమాండ్ అడిగే ప్రాంప్ట్ వచ్చే ముందు.

పర్లాకిమిడి అబ్బాయి చేత ఫోన్లోనే మెయిల్ అనే కమాండ్ కొట్టించి, మొదటిది చదవమన్నాను. బ్యాకప్ డిస్కులో చోటు లేదట. పదకొండు రాత్రులుగా అదే ఉత్తరం.