రిటర్న్ వేయడం ఉచితమే: రాయగడలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో ట్యాక్స్ ప్రాక్టీషనర్‌గా, అంటే జనానికి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లు వేసిపెట్టే పనిలో ఉన్నాను. జూన్ నెలాఖరు వచ్చిందంటే మా గది బయట బెంచీ ఖాళీ ఉండదు. మిల్లు ఉద్యోగులు, రైల్వే వాళ్ళు, గుణుపురం నుంచి మాస్టార్లు, మునిగుడ నుంచి చిన్న వ్యాపారులు వస్తారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామందే. నిజం చెప్పాలంటే, జీతం, బ్యాంకు వడ్డీ తప్ప ఇంకే ఆదాయమూ లేనివాళ్ళు రిటర్న్ వేయించుకోవడానికి ఎవరి చేతికీ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు.

అపోహ: "ఫ్రీగా వేసిన రిటర్న్‌కి విలువ ఉండదండీ."

ప్రభుత్వ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో రిటర్న్ వేయడానికి ఫీజు అనేదే లేదు. మీరు కట్టేది సాయం చేసిన మనిషికో, ప్రైవేటు సైట్‌కో. ఫోన్‌లో వెతికితే పైన ప్రకటనలుగా కనిపించేవి ఎక్కువగా ఆ ప్రైవేటు సైట్లే. ప్రభుత్వ సైట్ చిరునామా 'ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్' అని ఉంటుంది. జీతం, ఇంటి అద్దె, వడ్డీ అన్నీ కలిపి 50 లక్షల లోపు ఉన్న మామూలు ఉద్యోగికి ఐటీఆర్-1, అంటే 'సహజ్' ఫారం సరిపోతుంది. అందులో చాలా అంకెలు ముందే నింపి ఉంటాయి. ఫారం 16నీ (జీతం, కోసిన పన్ను చూపిస్తూ ఆఫీసు ఇచ్చే కాగితం) ఏఐఎస్‌నీ (మన ఆదాయ వివరాలతో పోర్టల్‌లో ఉండే పట్టిక) పక్కన పెట్టుకుని వాటిని సరిచూసుకోవడమే మన పని.

అపోహ: "ఆ సైట్ ఎప్పుడూ పనిచేయదు."

2021 జూన్ 7న కొత్త పోర్టల్ వచ్చినప్పుడు దేశమంతా ఇబ్బంది పడింది. ఆ ఏడాది గడువును డిసెంబరు 31 దాకా పొడిగించాల్సి వచ్చింది. ఆ భయం జనంలో అలాగే ఉండిపోయింది. గడువు దగ్గరపడ్డాక రద్దీ ఉంటుంది, కాదనను. కానీ నా దగ్గరికి "ఎర్రర్ వస్తోంది" అని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది సమస్య సైట్‌ది కాదు, పేరుది.

మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియా వాళ్ళు చివర రాస్తారు. పైగా ఒడియా పలుకులో 'వ' చాలాచోట్ల 'బ' అవుతుంది. పోయిన ఏడాది ఒక బాబాయ్ ప్లాస్టిక్ కవర్లోంచి మూడు కాగితాలు తీసి నా బల్ల మీద పరిచారు. పాన్‌లో వెంకటరావు, ఆధార్‌లో బెంకట రావు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. ఆయన ముప్పై ఏళ్ళుగా ఒకటే మనిషి, సిస్టమ్‌కి మాత్రం ముగ్గురు. పాన్-ఆధార్ లింక్ కావాలంటే పేరు, పుట్టిన తేదీ, జెండర్ కలవాలి. లింక్ కాని పాన్‌లు 2023 జూలై 1 నుంచి పనిచేయకుండా పోయాయి. వాటిని తిరిగి పనిచేయించుకోవడానికి వెయ్యి రూపాయలు. అప్పటిదాకా రిఫండ్, అంటే ఎక్కువగా కట్టిన పన్ను వాపసు, రాదు. టీడీఎస్, అంటే మన చేతికి రాకముందే కోసే పన్ను, ఎక్కువ రేటులో కోస్తారు. 2019 మార్చి నుంచి రిఫండ్ బ్యాంకు ఖాతాకే వస్తోంది. ఆ ఖాతా పాన్‌తో జతపడి, పోర్టల్‌లో ముందే వాలిడేట్ అయి, అంటే అది మనదేనని సరిచూసి, ఉండాలి.

అందుకే మా వాళ్ళందరికీ ఒకటే చెబుతాను. స్కూల్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరును ఆధారంగా తీసుకుని మిగతావన్నీ దానికి కలపండి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి, మార్చేటప్పుడు స్పెల్లింగ్ కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఆపరేటర్ ముందు పెట్టండి. స్లిప్ మీద అక్షరం అక్షరం చదివాకే సంతకం చేయండి. ఈ పని జూలైలో కాదు, జనవరిలో చేసుకోవాలి.

అపోహ: "పాస్‌వర్డ్ ఏజెంటు దగ్గరుంటే మనకే టెన్షన్ ఉండదు."

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. ఒక అత్తగారి వయసున్న ఆవిడకి భర్త పోయాక డిపాజిట్ మీద ఏడాదికి 62,000 వడ్డీ వచ్చింది. ఇంకే ఆదాయమూ లేదు. పన్ను కోయొద్దని బ్యాంకుకి ఇచ్చే 15జీ ఫారం ఇవ్వలేదని బ్యాంకు 10 శాతం కోసింది, అంటే 6,200. రిటర్న్ వేస్తే అంతా తిరిగి వచ్చేదే. ఎవరో ఏజెంటు వేశాడు కూడా. కానీ ప్రొఫైల్‌లో ఆ ఏజెంటు తన ఫోన్ నంబరు, తన మెయిల్ పెట్టుకున్నాడు. బ్యాంకు ఖాతా వాలిడేట్ కాక రిఫండ్ ఆగిపోయిందన్న మెసేజ్ ఆయనకే వెళ్ళింది. ఆయన చూడలేదు, ఆవిడకి తెలియదు. ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చి, నంబరు మార్చి, రిఫండ్ మళ్ళీ పంపమని అడిగితే సరిపోయింది. నా బల్ల ముందు పట్టింది అరగంట. ఆవిడ ఎదురుచూసింది మాత్రం పద్నాలుగు నెలలు.

పని ఎవరితో చేయించుకున్నా సరే, నాతో చేయించుకున్నా సరే, ప్రొఫైల్‌లో ఫోన్ నంబరు మీదే ఉండాలి.

అపోహ: "పెద్ద రిఫండ్ తెప్పిస్తామన్నారు, అందులో వాటా ఇస్తే చాలట."

లేని చందాలు, లేని ఇంటద్దె చూపిస్తేనే అలాంటి రిఫండ్ వస్తుంది. 2025 జూలైలో ఇలాంటి దొంగ క్లెయిముల మీద దేశంలో 150 చోట్ల తనిఖీలు జరిగాయి. తప్పుడు వివరాలు ఇచ్చారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల దాకా పెనాల్టీ. నోటీసు వచ్చేది ఏజెంటుకి కాదు, సంతకం ఉన్న మీకు.

అపోహ: "మాది షెడ్యూల్డ్ ఏరియా, ఎస్టీలకి ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు."

కొండదొర, జాతాపు ఉద్యోగులు ఈ మాట నమ్మి మోసపోవడం చూశాను. 1961 ఆదాయపన్ను చట్టంలో ఎస్టీలకి 10(26) అనే మినహాయింపు ఉంది. అది అరుణాచల్, నాగాలాండ్, మిజోరం లాంటి ఈశాన్య ప్రాంతాలకూ లద్దాఖ్‌కూ మాత్రమే. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్ కిందికి వస్తాయి కాబట్టి ఇక్కడ అది వర్తించదు. జీతాన్ని ఆ గడిలో చూపించి రిఫండ్ తెప్పిస్తామనే వాళ్ళని గది బయటినుంచే పంపేయండి. కొండ మీద పంట ఆదాయం వేరు, దానికి పన్ను లేదు. కానీ అది 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు.

అపోహ: "12 లక్షల దాకా పన్ను లేదు, రిటర్న్ ఎందుకు?"

2025-26 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో రిబేటు (పన్నులో ఇచ్చే తగ్గింపు) వల్ల పన్ను సున్నా అవుతుంది, నిజమే. కానీ ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే.

అపోహ: "పాన్ విశాఖలో తీసుకున్నాను, అక్కడికెళ్ళి వేయాలి."

అక్కర్లేదు. ఎక్కడినుంచి వేసినా రిటర్న్‌లు ప్రాసెస్ అయ్యేది బెంగళూరులోనే.

అపోహ: "సబ్మిట్ నొక్కాను, అయిపోయింది."

అవలేదు. ఆ రిటర్న్ నాదేనని 30 రోజుల్లో వెరిఫై చేయాలి. లేకపోతే వెరిఫై చేసిన రోజునే వేసినట్టు లెక్క, గడువు దాటితే లేటు ఫీజు పడుతుంది. ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, దాటితే 5,000. ఆధార్‌కి పాత నంబరు ఉండి ఓటీపీ రాకపోతే కంగారు పడకండి. నెట్ బ్యాంకింగ్‌తో చేయవచ్చు. అదీ లేకపోతే ఐటీఆర్-వీ, అంటే వెరిఫై చేసే కాగితం, ప్రింట్ తీసి, నీలం సిరాతో సంతకం పెట్టి, బెంగళూరు 560500కి స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు రసీదు ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, కాగితం వానాకాలంలో తడిసిపోతుంది.